వార్తల్లో పదం: జీబీఎస్

2025 ఆరంభంలో పుణెలో కేసులు, ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో మరణంతో మన వార్తల్లోకెక్కిన గులియన్ బారే సిండ్రోమే జీబీఎస్. రోగనిరోధక వ్యవస్థ సొంత నరాలపైనే దాడి చేయడం ఈ జబ్బు. తరచూ విరేచనాలో, జలుబో వచ్చిన కొన్ని వారాల్లో మొదలవుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

కాళ్లలో తిమ్మిరి, నీరసం పైకి పాకడం తెలిసిన తీరే. ఏమార్చేవి వేరు: విడవని నడుంనొప్పి, ఒకటి రెండుగా కనబడటం, ముఖం రెండువైపులా వాలిపోవడం, కాళ్లలో బలమున్నా నడక తూలడం. పొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో నడుంనొప్పిని పనిభారమనుకుని మాత్రతో సరిపెట్టుకోవడం సహజం. కానీ నిన్న ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతే ఆగకూడదు. ఊపిరి కండరాలు పట్టు తప్పితే వెంటిలేటర్ కావాలి. అది ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లాలి. దీని చికిత్సలైన ఐవీఐజీ (సిరలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్), ప్లాస్మా మార్పిడి తొలి రెండు వారాల్లోనే బాగా పనిచేస్తాయి.