లాభాల వాటా పడింది.. లక్ష రూపాయల మానిటర్ కొందామా?

2025 సెప్టెంబర్ 22. సింగరేణి ఇళ్లకు ఆ ఒక్క రోజే రెండు కబుర్లు అందాయి. ఒకటి, కార్మికులకు లాభాల్లో 34 శాతం వాటా ఇస్తున్నట్టు ప్రకటన. మొత్తం రూ.819 కోట్లు. సగటున ఒక్కో కార్మికుడికి రూ.1,95,610. రెండోది, కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి రావడం. మర్నాడే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో పండగ సేల్స్ మొదలయ్యాయి.

ఇక చూస్కోండి! ఇంట్లో గేమింగ్ పీసీ ఉంటే, దసరా ముందు ఈ మాట రాకుండా ఉంటుందా?

‘బాపూ, ఒక్క మానిటర్ కావాలె.’

‘ఎంతుంటది బిడ్డా?’

‘ఎనభై, తొంభై వేలు.’

‘టీవీ కన్నా చిన్నగున్నది గదరా.. గంత ఎందుకు?’

బాపు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి ‘నీకు తెల్వదు బాపూ’ అనేది జవాబు కాదు. సెంటినరీ కాలనీ క్వార్టర్లో ఉన్నా, గోదావరిఖనిలో ఉన్నా, పక్కనే జేఎన్‌టీయూ మంథని కాలేజీ హాస్టల్లో ఉన్నా సరే, కార్ట్‌లో పెట్టిన ఆ మానిటర్‌ను ఒకసారి లెక్క కట్టి చూద్దాం రండి.

హెర్ట్జ్ అంటే ఏంటి? ఎంత చాలు?

తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పేదే హెర్ట్జ్. మామూలు ఆఫీస్ మానిటర్ 60 హెర్ట్జ్. అంటే ఒక బొమ్మకు, తర్వాతి బొమ్మకు మధ్య 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్‌లో అది 6.9కి దిగుతుంది. 240లో 4.2, 360లో 2.8.

ఇప్పుడు తీసివేతలు చేయండి. 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతాయి. 144 నుంచి 360కి వెళ్తే మిగిలేది 4 మాత్రమే. 240 నుంచి 360కి అయితే ఒకటిన్నర కూడా లేదు.

ధర మాత్రం ఇందుకు పూర్తిగా రివర్స్‌లో నడుస్తుంది. 144 నుంచి 180 హెర్ట్జ్ దాకా ఉన్న ఫుల్ హెచ్‌డీ మానిటర్ సుమారు పది, పన్నెండు వేలకు దొరుకుతోంది. బాగా పైస్థాయివి యాభై వేలు దాటి లక్షకు, ఆ పైకి పోతాయి. అంటే మొదటి పది వేలతోనే పెద్ద తేడా వచ్చేస్తుంది. ఆ తర్వాత పోసే వేలకు వేలు చిన్న తేడా కోసమే. 60 మీద ఆడేవాళ్లు 144కి మారితే మౌస్ తిప్పగానే తెలిసిపోతుంది. అక్కడి నుంచి పైకి మాత్రం తేడా కనిపించాలంటే ఆట, కన్ను, పీసీ మూడూ కలిసిరావాలి.

మీ పీసీకి అంత దమ్ముందా?

పీసీ తయారు చేసి పంపిన బొమ్మలనే మానిటర్ చూపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 90 ఫ్రేములే ఇస్తుంటే, 360 హెర్ట్జ్ తెర కొన్నా మీకు కనిపించే కొత్త బొమ్మలు 90. మిగతా డబ్బు గోడకు కొట్టిన సున్నమే!

అందుకే కొనే ముందు ఆటలో ఎఫ్‌పీఎస్ కౌంటర్ ఆన్ చేసి వారం రోజులు గమనించండి. మెనూలో వచ్చే అంకెను పట్టించుకోవద్దు. నలుగురు ఒక్కసారి మీద పడ్డప్పుడు అది ఎంతకు పడిపోతుందో అదే అసలు లెక్క.

రెజల్యూషన్ కూడా అంతే. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పీలో సుమారు 36.9 లక్షలు, 4కెలో సుమారు 82.9 లక్షలు. అంటే 4కె తెర కొన్నామంటే కార్డు మీద నాలుగింతల పిక్సెళ్ల బరువు పెట్టినట్టే. వాలరెంట్ లాంటి తేలికైన ఆట మామూలు కార్డు మీద కూడా పరుగెత్తుతుంది. కానీ సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటను 4కెలో బాగా ఆడాలంటే, కార్డు ధరే మానిటర్ ధరను దాటిపోవచ్చు. అప్పుడు బాపు దగ్గరకు రెండోసారి వెళ్లాల్సి వస్తుంది.

ఆడేది పీఎస్5లో అయితే అది 120 హెర్ట్జ్ దాకానే పంపుతుంది. 240, 360 దానికి దండగ. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఫోన్లోనే ఆడేవాళ్లకైతే అసలీ చర్చే అక్కర్లేదు.

ఇంకో మాట. ఆన్‌లైన్ మ్యాచ్‌లో మీ ప్రతి క్లిక్ సర్వర్ దాకా వెళ్లి రావాలి. వైఫైలో పింగ్ ఒక్కసారిగా 20 మిల్లీసెకన్లు ఎగిరితే, మానిటర్‌కు వేలు పోసి సంపాదించిన 4 మిల్లీసెకన్లు అందులో కొట్టుకుపోతాయి. ముందు రౌటర్ నుంచి పీసీకి కొన్ని వందల రూపాయల లాన్ కేబుల్ లాగి చూడండి. దానితోనే సగం కోపం తగ్గొచ్చు.

ఓఎల్ఈడీ మోజు.. మన ఇంటి అలవాట్లు

లక్ష దగ్గర కనిపించే మోడళ్లలో చాలావరకు ఓఎల్ఈడీలే. నిజం చెప్పాలంటే వాటి బొమ్మ అందం వేరు. ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. కాబట్టి నలుపు అంటే నలుపే. కదిలే బొమ్మల వెనుక మసక కూడా దాదాపు ఉండదు. చీకటి గదిలో కథ ఉన్న ఆట ఆడితే మళ్లీ పాత తెర వైపు చూడబుద్ధి కాదు.

కానీ దానికో బలహీనత ఉంది. ఒకే చోట గంటల తరబడి కదలని బొమ్మ ఉంటే, క్రమంగా అక్కడ మచ్చ పడొచ్చు. దాన్నే బర్న్-ఇన్ అంటారు. రాత్రి ఆట, పగలంతా కోడింగ్ అయితే కింద టాస్క్‌బార్, పక్కన ఫైళ్ల వరుస రోజూ అక్కడే ఉంటాయి. ఇంజినీరింగ్ విద్యార్థి వాడకం సరిగ్గా ఇదే కదా!

ఇక్కడే మన ఇళ్లలో అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. పీసీ ఆపగానే అమ్మ వచ్చి స్విచ్ బోర్డు దగ్గర మెయిన్ ఆపేస్తుంది. మంచి అలవాటే. కానీ ఓఎల్ఈడీ మానిటర్ స్టాండ్‌బైలో ఉన్నప్పుడే తన పిక్సెళ్లను సరిచేసుకునే పని పెట్టుకుంటుంది. కరెంటు తీసేస్తే ఆ పని ఆగిపోతుంది. కొంటే ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాల్సిందే.

ఇక దుమ్ము. కాలనీకి దగ్గర్లోనే ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. కిటికీ తెరిస్తే టేబుల్ మీద ఏం పేరుకుంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ దుమ్మును పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే ఏ తెరకైనా గీతలే. ముందు దులిపి, తర్వాత కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఖరీదైన తెర అయితే యూపీఎస్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కొనే ముందు రెండు ప్రశ్నలు అడగండి. వారంటీలో బర్న్-ఇన్ కవర్ అవుతుందా? మన పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి సర్వీస్ ఇస్తారా, లేక డబ్బా మోసుకుని మనమే హైదరాబాద్ పోవాలా?

‘జీఎస్టీ తగ్గింది’, ‘నో కాస్ట్ ఈఎంఐ’

అప్పటి జీఎస్టీ తగ్గింపు గురించి ఇప్పటికీ వింటుంటాం. 28 నుంచి 18 శాతానికి తగ్గింది 32 అంగుళాలు దాటిన తెరల మీద. 27 అంగుళాల గేమింగ్ మానిటర్ మీద అంతకు ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. కాబట్టి 27 అంగుళాల దాని మీద ‘జీఎస్టీ ఆఫర్’ అని రాసి ఉంటే అది మామూలు డిస్కౌంట్ అనుకోండి, అంతే.

నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడొచ్చు. ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు పోనూవచ్చు. 90 వేలు పన్నెండు నెలలంటే నెలకు 7,500. ఏడాది పాటు ఆ డబ్బు ఎవరి జీతంలోంచి పోతుందో ముందే అనుకోవాలి.

‘హెచ్‌డీఆర్’ ముద్ర చూసి కూడా మురిసిపోవద్దు. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అనేది ఆ వరుసలో అన్నిటికంటే కింది మెట్టు.

ఎవరికి విలువ? ఎవరికి కాదు?

ఇప్పటికీ 60 హెర్ట్జ్ మీదే పీసీలో షూటింగ్ ఆటలు ఆడుతున్నారా? పన్నెండు వేలలోపు 144 లేదా 180 హెర్ట్జ్ ఐపీఎస్ తీసుకోండి. పెట్టిన డబ్బుకు ఇంతకంటే లాభం ఏ మానిటర్‌లోనూ రాదు.

ఆటతో పాటు కోడింగ్, వీడియో ఎడిటింగ్ ఉన్నాయా? ఇరవై వేల అటూ ఇటూలో 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ చూడండి. అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, బర్న్-ఇన్ భయం లేదు, కార్డు మీద బరువు కూడా మరీ ఎక్కువ కాదు.

లక్ష మానిటర్‌కు మూడు షరతులు. మీ పీసీ ఇప్పటికే అన్ని ఫ్రేములు ఇస్తుండాలి. రోజూ దాని ముందు గంటలు గడిపే పని ఉండాలి. ఆ డబ్బు పోయినా ఇంట్లో ఏదీ ఆగకూడదు. మూడూ ఉంటే కొనుక్కోండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మంచి వస్తువు మీద ఇష్టం తప్పేం కాదు.

ఆ మూడో షరతు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. లాభాల వాటా లాటరీ కాదు. ఏడాది పొడవునా పడ్డ మస్టర్లను బట్టి చేతికొచ్చే డబ్బు అది. సగటు 1,95,610 అన్నంత మాత్రాన అందరికీ అంతే రాదు. అదే ప్రకటనలో కాంట్రాక్ట్ కార్మికులకు ఇచ్చింది రూ.5,500. పక్క వీధిలో ఉండే మీ దోస్త్ వాళ్ల నాన్న కాంట్రాక్ట్ కార్మికుడైతే, ఆ ఇంట్లో ఈ చర్చే రాదు.

చివరగా ఒక పరీక్ష. హై రిఫ్రెష్ మానిటర్ ఉన్న దోస్త్ రూమ్‌కు వెళ్లండి. మీరు అటు తిరిగి ఉండగా సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 60, 144, 240లలో ఏదో ఒకటి పెట్టమనండి. ఆడి చూసి ఏది ఎంతో చెప్పండి. ఇలా పదిసార్లు. 60ని ప్రతిసారీ పట్టేస్తారు. 144, 240 మధ్య తడబడ్డారంటే మీ డబ్బులు మిగిలినట్టే. పనిలో పనిగా మీ ఇంటి మానిటర్ సెట్టింగ్ కూడా చూసుకోండి. 144 హెర్ట్జ్‌ది కొని, తెలియక 60లోనే నడిపేవాళ్లు చాలామంది.

పదికి పది సరిగ్గా చెప్పారా? అయితే ఆ కాగితం, మీ ఎఫ్‌పీఎస్ లెక్క, సర్వీస్ సంగతి తీసుకుని షిఫ్ట్ దిగొచ్చిన బాపు స్నానం చేసి, తిని, కాస్త తీరిగ్గా కూర్చున్నాక పక్కన కూర్చోండి. ‘గంత ఎందుకు’ అని ఆయన మళ్లీ అడుగుతాడు. ఈసారి మీ దగ్గర జవాబు ఉంటుంది. ఆ తర్వాత ఆయన ఏమన్నా సరే, వినండి.