ఇంగ్లీషు సర్వనామం - అర్థనిర్ణయం

ఇంగ్లీషు సంభాషణలో సర్వనామం ఎవరిని సూచిస్తున్నదో తేల్చడం వ్యాకరణం ఒక్కదానితో అయ్యే పని కాదు. కంప్యూటరుకు భాష నేర్పే పరిశోధన చేసిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు టెరీ వినోగ్రాడ్ 1972లో ఇందుకొక ఉదాహరణ చూపాడు. ప్రదర్శన జరపదలచినవారికి నగరసభ సభ్యులు అనుమతి నిరాకరించారు; ఎందుకంటే 'దే' హింసకు భయపడ్డారు. ఈ 'దే' సభ్యులని గ్రహిస్తాం. 'భయపడ్డారు' తీసి 'విప్లవాన్ని ప్రబోధించారు' అని పెడితే, అదే 'దే' ప్రదర్శకులవుతారు.

వాక్యనిర్మాణం మారలేదు. మనం ఎరిగిన పాలకులు విప్లవం కోరరు గనుకనే అర్థం అటు మళ్ళింది. విప్లవపక్షమే అధికారంలో ఉండి, ప్రదర్శన దానికి వ్యతిరేకమైనదైతే రెండో 'దే' కూడా సభ్యులే కావచ్చు. నిర్ణయం చేసేది సమాజాన్ని గురించిన మన ఊహ.

అనువాదకుడికి చిక్కు ఇక్కడే. 'భయపడి నిరాకరించారు' అని తెలుగు చేస్తే, క్త్వార్థకానికీ ప్రధానక్రియకూ కర్త ఒకటే కావాలి గనుక సందిగ్ధత పోతుంది, నిర్ణయం అనువాదకుడిదవుతుంది. 'వుయ్' మరీ చిక్కు. 'వుయ్ హావ్ లాస్ట్ మనీ' అని మిల్లు యజమాని కార్మికులతో అంటే 'మేము నష్టపోయాం' అనాలా, 'మనం నష్టపోయాం' అనాలా? 'మనం' అంటే నష్టంలో కార్మికుడికీ వాటా పెట్టినట్లే. లాభాలనాడు అతడు ఏ మాట వాడాడో వెనక్కి వెళ్ళి చూడాలి.

ఎవరు ఎవరితో అంటున్నారు? అంతకుముందు ఎవరి ప్రస్తావన వచ్చింది? ఈ అర్థం వాక్యం ఇచ్చిందా, మన అలవాటు ఇచ్చిందా? మూడో ప్రశ్న వేసుకోని అనువాదం వ్యాకరణరీత్యా ఒప్పయినా, తెలియకుండానే ఒక పక్షం వహిస్తుంది.