వైద్య వ్యయం ఎవరు భరించాలి? - ప్రభుత్వ వైద్యశాల, ఆరోగ్య బీమా

రోగం చెప్పి రాదు. ఇంటిలో డబ్బు ఉన్నదో లేదో చూసుకొని రాదు. పండుగ బట్టలు కొనడం మరుసటి ఏటికి వాయిదా వేయవచ్చు. విరిగిన కాలికి కట్టు కట్టించుకోవడం వాయిదా వేయలేము. కనుకనే వైద్యానికయ్యే ఖర్చు ఇతర ఖర్చుల వంటిది కాదు. చిన్న రైతు కాడి ఎడ్లను అమ్ముకోవడం, కూలి మనిషి వడ్డీకి అప్పు తేవడం, ఇల్లాలి మెడలోని బంగారం తాకట్టుకు పోవడం తరచు ఒక్క ఆసుపత్రి బిల్లుతోనే మొదలవుతాయి. ఈ భారాన్ని ఒక కుటుంబం ఒంటరిగా మోయకుండా సమాజం పంచుకోవడానికి మన దేశంలో అనేక మార్గాలు ఏర్పడ్డాయి. వాటిలో ఏది ఎంతవరకు అక్కరకు వస్తుందో తెలుసుకోవడం అవసరం.

భారం పంచుకోవడంలోని లెక్క

వేయి కుటుంబాలున్న ఒక గ్రామాన్ని ఊహించుకోవచ్చు. ఆ గ్రామంలో ఏటా ఇరవై మందికి శస్త్రచికిత్స అవసరమవుతుందని, ఒక్కొక్క చికిత్సకు 30,000 రూపాయలు ఖర్చవుతాయని అనుకుంటే మొత్తం వ్యయం 6 లక్షలు. ఆ ఇరవై కుటుంబాలకు అది మోయలేని బరువు. వేయి కుటుంబాలూ పంచుకుంటే తలా 600 రూపాయలు. బీమా యొక్క మూలసూత్రం ఇదే.

అయితే చేరడం ఎవరి ఇష్టానికి వారికి వదిలితే ఈ లెక్క తారుమారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న 400 కుటుంబాలు "మాకెందుకు?" అని తప్పుకొంటే మిగిలిన 600 కుటుంబాలలోనే రోగులు ఎక్కువగా ఉంటారు. చికిత్సలు పద్దెనిమిదికి మాత్రమే తగ్గాయనుకుంటే, ఒక్కొక్క కుటుంబం చెల్లించవలసినది 900 రూపాయలకు పెరుగుతుంది. దానిని చూసి మరికొందరు తప్పుకొంటారు. చందా మరింత పెరుగుతుంది. చివరకు అవసరం ఎక్కువగా ఉన్నవారు, శక్తి తక్కువగా ఉన్నవారు మాత్రమే మిగులుతారు. ఈ చిక్కును దాటడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అందరినీ తప్పనిసరిగా చేర్చడం. రెండవది, రోగం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారిని చేర్చుకోకపోవడం, లేదా వారివద్ద ఎక్కువ ప్రీమియం వసూలు చేయడం. ప్రభుత్వ పద్ధతులు సాధారణంగా మొదటి దారిని పడతాయి. వ్యాపార బీమా రెండవ దారి వైపు మొగ్గుతుంది.

పన్నుల రాబడితో వైద్యం

1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, చెల్లించే స్తోమత లేదన్న కారణంగా ఏ వ్యక్తికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్న సూత్రాన్ని దేశం ముందుంచింది. రోగ చికిత్సను, రోగ నివారణను ఒకే వ్యవస్థలో జోడించాలని సూచించింది. ఆ ఆలోచన నుండే 1952 తరువాత సమాజ వికాస పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు గ్రామసీమలలో వెలిశాయి. ఈ పద్ధతిలో ప్రీమియం ఉండదు. ప్రజలు పన్నుల రూపంలో ముందుగానే చెల్లించి ఉంటారు. అగ్గిపెట్టె కొన్న కూలి కూడా పన్ను చెల్లించినవాడే.

దీనికి బీమాలో కానరాని ఒక గుణం ఉన్నది. బీమా జబ్బుపడిన వ్యక్తి ఖర్చును చెల్లిస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ జబ్బు రాకుండా ఊరంతటినీ కాపాడగలదు. మన దేశంలో చివరి మశూచి రోగి 1975లో నమోదైనాడు. చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదు కాగా, 2014లో భారతదేశం పోలియోరహితంగా ధ్రువీకరణ పొందింది. ఈ విజయాలు ఇంటింటికీ తిరిగి టీకాలు, చుక్కలు వేసిన ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, వారితో కలిసి నడిచిన స్వచ్ఛంద కార్యకర్తల శ్రమఫలం. ఎవరి పాలసీలోనూ ఈ సేవకు పద్దు లేదు.

లోపాలు లేవని కాదు. వైద్యుని కొరత, పొడవైన వరుస, "మందు బయట కొనుక్కోండి" అనే మాట ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన పేదవానికి పరిచితమైనవే. అయితే ఇవి సరిదిద్దలేనివి కావు. 1994లో నెలకొల్పిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ మందులను మొత్తంగా కొనుగోలు చేసి, నాణ్యత పరీక్షించి, జిల్లా గోదాముల ద్వారా ఆసుపత్రులకు చేరవేసే పద్ధతిని నెలకొల్పి ఇతర రాష్ట్రాలకు ఆదర్శమైంది.

శ్రామికుల చందాతో వైద్యం

1948 నాటి చట్టాన్ని అనుసరించి ఉద్యోగుల రాజ్య బీమా పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ప్రారంభమైంది. జనం దీనిని ఇ.ఎస్.ఐ. అంటారు. ఇందులో యజమాని, కార్మికుడు ఇద్దరూ చందా చెల్లిస్తారు. 2019 జులైలో చందాను వేతనంలో యజమానికి 3.25 శాతంగా, కార్మికునికి 0.75 శాతంగా తగ్గించారు. చందా జీతాన్ని బట్టి నిర్ణయమవుతుంది గాని వయస్సును బట్టి గాని, రోగాన్ని బట్టి గాని కాదు. తక్కువ జీతగాడు తక్కువ చెల్లించినా, అతనికి అందవలసిన చికిత్స అందరితో సమానమే. ఈ పథకానికి సొంత డిస్పెన్సరీలు, ఆసుపత్రులు ఉన్నాయి. జబ్బు కారణంగా పోయిన కూలికి కూడా ఇది కొంత పరిహారం ఇస్తుంది.

దీని పరిమితి దీని నిర్మాణంలోనే ఉన్నది. నెలజీతం, దానిని నమోదు చేసే యజమాని ఉన్నచోటనే ఇది పనిచేస్తుంది. వ్యవసాయ కూలీకి, రిక్షా లాగేవానికి, సొంత మగ్గంపై నేసే చేనేత కార్మికునికి యజమాని వాటా చెల్లించేవారెవరు?

వ్యాపార బీమా

సాధారణ బీమా రంగం 1973 జనవరి 1 నుండి జాతీయమైంది. ఆ ప్రభుత్వ రంగ కంపెనీలే 1986లో మెడిక్లెయిమ్ పాలసీని ప్రవేశపెట్టాయి. 2000వ సంవత్సరం నుండి ప్రైవేటు కంపెనీలకు తిరిగి ప్రవేశం లభించింది. నగరాలలోని మధ్యతరగతికి ఈ పాలసీలు ఎంతో ఉపకరించాయనడంలో సందేహం లేదు. కోరుకున్న ఆసుపత్రిలో, త్వరగా చికిత్స పొందే వెసులుబాటు వీటివల్ల కలిగింది.

కాని ఇక్కడ ప్రీమియం ఆదాయాన్ని బట్టి కాక, వయస్సును, ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సంపాదన ఆగిపోయిన వృద్ధాప్యంలోనే అది బరువెక్కుతుంది. ఏజెంటు కమిషను, కార్యాలయ వ్యయం, వాటాదారుల లాభం కూడా అందులో నుండే రావాలి. ముందునుండి ఉన్న వ్యాధులకు కొన్నేళ్లు నిరీక్షించవలసి ఉంటుంది. ఈ గడువును బీమా నియంత్రణ సంస్థ 2024లో గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జి.ఎస్.టి.ని తొలగించారు. ఇవి ఉపశమనాలే. అయినా దినకూలిపై బ్రతికే కుటుంబానికి ఈ ప్రీమియం దూరపు కొండగానే ఉన్నది.

ప్రభుత్వమే చెల్లించే బీమా

ఈ అంతరాన్ని పూరించడానికి మరొక మార్గం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమై, తరువాత రాష్ట్రమంతటా వ్యాపించింది. 2008లో కేంద్రం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన ద్వారా పేద కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చును భరించింది. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన ఆ పరిమితిని కుటుంబానికి 5 లక్షలు చేసింది. 2024లో 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, దీనిని వర్తింపజేశారు. ఇందులో ఖర్చు ప్రభుత్వానిది. చికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, జాబితాలో చేరిన ప్రైవేటు ఆసుపత్రిలోనైనా జరగవచ్చు.

గుండె శస్త్రచికిత్స మాటే ఎత్తలేని కుటుంబాలకు ఇది పునర్జన్మ వంటిది. అయితే ఇటువంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికి ఉద్దేశించినవి. రక్తపోటుకు, మధుమేహానికి నెలనెలా కొనే మాత్రల ఖర్చు వీటి పరిధిలోకి సాధారణంగా రాదు. పల్లెలో రక్తపోటు మాత్ర క్రమంగా అందకపోతే, పక్షవాతం వచ్చిన తరువాత నగరంలో లక్షల వ్యయంతో చికిత్స చేయించవలసి వస్తుంది. పైగా జాబితాలోని పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా నగరాలలోనే ఉంటాయి. ఏజెన్సీ గ్రామంలో ఉన్నవానికి కార్డు చేతిలోనే ఉన్నా, ఆసుపత్రి అందుబాటులో ఉండదు.

పొరుగుదేశపు అనుభవం

శ్రీలంక ప్రజలకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత వైద్యం అందించే విధానాన్ని స్వాతంత్ర్యానంతర తొలి సంవత్సరాలలోనే చేపట్టి, మారుమూలలకు సైతం వైద్యశాలలను, మంత్రసానులను చేర్చింది. 2016లో అది మలేరియారహిత దేశంగా ధ్రువీకరణ పొందింది. అక్కడ కూడా చిన్న జబ్బులకు సొంత డబ్బుతో ప్రైవేటు డాక్టరు వద్దకు వెళ్లేవారు అనేకులు. కాని పెద్ద జబ్బు చేసినప్పుడు ఆదుకొనేది ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రే.

జమాఖర్చులు చెప్పేది

భారత జాతీయ ఆరోగ్య గణాంకాల ప్రకారం మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబు నుండి పెట్టిన వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. అదే కాలంలో ప్రభుత్వ వాటా 28.6 నుండి 48 శాతానికి పెరిగింది. అయినా 2021-22లో ప్రభుత్వ ఆరోగ్య వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతమే. 2025 నాటికి 2.5 శాతం చేరాలన్నది 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకొన్న లక్ష్యం.

బీమా వైద్యానికి డబ్బు చెల్లించే ఒక పద్ధతి మాత్రమే. అది వైద్యుని తయారుచేయదు, పల్లెలో పడకలు వేయదు, దోమను అరికట్టదు. ఆసుపత్రులు ఉన్నచోట బీమా గొప్ప ఆసరా. లేనిచోట అది నెరవేరని హామీ. కనుక ఏ ఆరోగ్య పథకం గురించి విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. డబ్బు చెల్లించేది ఎవరు? పథకానికి వెలుపల మిగిలిపోయేది ఎవరు? రోగి వెళ్లవలసిన ఆసుపత్రి ఎంత దూరంలో ఉన్నది? మొదటి రెండు ప్రశ్నలకు మంచి చట్టం, మంచి బీమా సమాధానం చెప్పగలవు. మూడవదానికి మాత్రం ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు, నర్సు, మందు ఉండడం ఒక్కటే సమాధానం.