తొక్కేవాడి తూకం

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఉన్న కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. దానికి ముందు చక్రాల దగ్గర మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక టార్షన్ బీమ్, నాలుగు మూలలా స్ప్రింగు, షాకబ్జర్. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి, షాకబ్జర్ ఎంత బిగువుగా పనిచేయాలి అన్నది ఇంజనీర్లు ముందే తేల్చేస్తారు. కొన్నవాడు 50 కిలోల మనిషా, 90 కిలోల మనిషా అని కారు అడగదు. టన్నుకు పైబడ్డ బండిలో ఆ తేడా ఒక లెక్కలోది కాదు.

అదే మనిషి 44వ నంబరు జాతీయ రహదారి దిగి, పెనుకొండ కొండల పక్క మట్టిదారిలో మౌంటెన్ బైకు ఎక్కాడనుకోండి. ముందూ వెనకా షాకబ్జర్లున్న రకం. సైకిలు 15 కిలోలు, మనిషి 70. మొత్తం బరువులో నూటికి ఎనభై పాళ్ళు మనిషిదే. ఆ బరువు కూడా ఒకచోట కుదురుగా ఉండదు. ఎక్కుడులో ముందుకు వాలుతుంది, దిగుడులో వెనక్కి జరుగుతుంది, బండ అడ్డొస్తే లేచి నిలబడుతుంది. ఇంజనూ తనే. ఇలాంటి బండిని పూర్తిగా సరిచేసి అమ్మడం ఏ ఫ్యాక్టరీకీ సాధ్యం కాదు. చివరి సర్దుబాటు తొక్కేవాడే చేసుకోవాలి. చేసుకోకపోతే లక్షలు పోసిన సైకిలు కూడా కుంటుతుంది. అప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని కొత్త షాకబ్జర్ ధర కనుక్కోవడం!

షాకబ్జర్ కారు నుంచి సైకిలుకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. మొదట జరిగింది తద్విరుద్ధం. 1898 ప్రాంతంలో ట్రుఫో అనే ఫ్రెంచివాడు పందెపు సైకిలు ముందు ఫోర్కుకు రాపిడితో పనిచేసే షాకబ్జర్ బిగించాడు. ఎడ్వర్డ్ హార్ట్‌ఫోర్డ్ అనే అమెరికన్ అది చూసి, తన దేశం తీసుకెళ్ళి కార్లకు పెట్టాడు. కార్లు ఆ విద్యను పెంచుకుంటూ పోయాయి, సైకిలు మాత్రం వదిలేసింది. డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకున్న గాలి టైరు ఉండగా ఇంకేం కావాలి అనుకున్నారు. రోడ్డు మీద అది నిజమే.

మళ్ళీ అవసరం పడింది కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో. 1970లలో అక్కడి కుర్రాళ్ళు 1930, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్ళను పాత సామాన్లలోంచి ఏరి తెచ్చి మట్టిదారుల్లో కిందికి ఉరికించేవాళ్ళు. 1976 అక్టోబరులో రీప్యాక్ అనే పందెం మొదలైంది. దిగేలోపు వెనక హబ్‌లోని బ్రేకు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది, కిందికి చేరాక హబ్ విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సిందే. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేములు కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కంపెనీ పెట్టారు, టామ్ రిచీ ఫ్రేములు చేసిచ్చాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఈ సైకిలు మామూలు దుకాణాలకు చేరింది. అప్పటికీ షాకబ్జర్ లేదు. కుదుపంతా మోచేతులూ మోకాళ్ళే మింగేవి.

పాల్ టర్నర్ మోటోక్రాస్ బళ్ళ మెకానిక్. రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి, ఆర్ఎస్-1 అనే ముందు ఫోర్కు తెచ్చాడు. బరువు పెరుగుతుందని నవ్విన పందెగాళ్ళు 1990లో నవ్వు ఆపారు. ఆ ఏడాది డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో దిగుడు పందెం గెలిచిన గ్రెగ్ హెర్బోల్డూ, క్రాస్‌కంట్రీ గెలిచిన నెడ్ ఓవరెండూ ఆ ఫోర్కుతోనే తొక్కారు.

ముందు చక్రం కథ అలా తేలికగా తీరింది. వెనక చక్రం మాత్రం ఏళ్ళ తరబడి ఏడిపించింది. పెడల్ తొక్కిన ప్రతిసారీ శరీరం బరువు వెనక్కి ఊగుతుంది, చెయిన్ లాగుడుకు వెనక భాగం కదులుతుంది. స్ప్రింగు కాస్త దిగి లేస్తుంది. కాలిబలంలో కొంత చక్రానికి చేరకుండా షాకబ్జర్‌లోనే వేడిగా మారిపోతుంది. మోటారు సైకిలుకు ఈ బాధ పట్టదు, ఇంకాస్త పెట్రోలు తాగుతుంది అంతే. మనిషి ఎక్కడి నుంచి తెస్తాడు? రాయి కొట్టే దెబ్బను మింగాలి, కాలు ఇచ్చే బలాన్ని మింగకూడదు. వెనక షాకబ్జర్ చరిత్ర అంతా ఈ ఒక్క తగాదానే.

దీనికి పేరుపడిన పరిష్కారాల్లో ఒకటి హోర్స్ట్ లైట్నర్‌ది. ఈయనా మోటోక్రాస్ నుంచి వచ్చినవాడే, ఆస్ట్రియా మనిషి. వెనక ఇరుసుకు కాస్త ముందు, కింది కడ్డీ మీద ఒక కీలు పెట్టాడు. చక్రం పైకీ కిందికీ తిరిగే వంపు మారి, పెడల్ లాగుడుకూ బ్రేకు లాగుడుకూ షాకబ్జర్ తల ఊపడం తగ్గింది. ఆ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ కొనేసింది. మిగతా కంపెనీలు వేరే దారులు వెతుక్కోక తప్పలేదు. శాంటాక్రూజ్ వాళ్ళ వీపీపీ, డేవ్ వీగల్ గీసిన డీడబ్ల్యూ లింకు వంటివి అదే తగాదాకు ఇతరులు చూపిన జవాబులు. కీళ్ళు ఎక్కడ పెట్టాలన్న లెక్కలే వేరు, కోరిక ఒకటే.

ఇక లోపలి సంగతి. షాకబ్జర్‌లో ఉండేవి రెండే: స్ప్రింగు, దాని గంతును అదుపుచేసే నూనె. స్ప్రింగు ఇనప చుట్ట కావచ్చు, గొట్టంలో బంధించిన గాలి కావచ్చు. గాలికి స్ప్రింగు గుణం ఉందని రాబర్ట్ బాయిల్ 1660లో పుస్తకం రాశాడు. 1662లో సూత్రం చెప్పాడు, చోటు సగమైతే పీడనం రెట్టింపు. ఆ ప్రయోగాలకు పంపు తయారుచేసి ఇచ్చిన సహాయకుడు రాబర్ట్ హుక్. లోహపు స్ప్రింగు సూత్రాన్ని 1678లో ప్రకటించింది ఆయనే. ఇవాళ దుకాణంలో కాయిల్ షాకబ్జరా, ఎయిర్ షాకబ్జరా అని అడిగితే, ఆ రెండూ ఒకే ప్రయోగశాలలో పనిచేసిన ఇద్దరి దగ్గరికే వెళ్తాయి.

గాలి రకానికి ఒక సుగుణం ఉంది. నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. బరువుకు తగ్గట్టు పంపుతో మార్చుకోవచ్చు. మార్చాలి కూడా. రోజూ వేసుకునే బట్టలు, నీళ్ళ సంచీ, హెల్మెట్‌తో సహా సైకిలు ఎక్కి నెమ్మదిగా కూర్చుంటే షాకబ్జర్ కొంత దిగుతుంది. కడ్డీ మీదున్న రబ్బరు రింగు ఆ దిగుడును చూపిస్తుంది. దీన్నే సాగ్ అంటారు. వెనక షాకబ్జర్ మొత్తం నడక, అంటే పూర్తిగా నొక్కితే దిగే దూరం, 60 మిల్లీమీటర్లయితే, మామూలుగా 25 నుంచి 30 శాతం, అంటే 15 నుంచి 18 మిల్లీమీటర్లు దిగాలి. ముందు ఫోర్కుకు కాస్త తక్కువ, 20 శాతం ప్రాంతం. గాలి కొట్టాక నాలుగైదుసార్లు బాగా నొక్కి వదలాలి. లోపల రెండో గది ఉంటుంది, దానికీ గాలి చేరాలి. తర్వాతే మళ్ళీ కొలవండి.

పంపు ఊడదీసేటప్పుడు బుస్సుమనే శబ్దం విని గాలి పోయిందని కంగారు పడేవాళ్ళున్నారు. మంచి పంపైతే అది గొట్టంలో మిగిలిన గాలే. మళ్ళీ పంపు తగిలిస్తే మీటరు తక్కువ చూపడానికీ కారణం అదే, కొంత గాలి ఖాళీ గొట్టంలోకి వెళ్తుంది. లీకని భయపడి సీళ్ళు మార్పించేముందు ఇది గుర్తుంచుకోవాలి.

మన సీమ ఎండ లెక్క కూడా వేరు. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల్లో 200 పిఎస్‌ఐ పెట్టిన షాకబ్జర్, ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీలకు వేడెక్కితే 218 దాటుతుంది. గాలి ఒక్క చుక్క కలపలేదు, ఎండ చేసిన పని. నిన్నటిదాకా మెత్తగా ఉన్న సైకిలు ఇవాళ కట్టెలా కొడుతోందంటే ముందు కాలం మారిందేమో చూడాలి.

స్ప్రింగు తర్వాత రీబౌండు. సాధారణంగా ఎర్ర నాబ్. నొక్కుడు పడ్డ షాకబ్జర్ ఎంత వేగంగా తిరిగి లేవాలో అది నిర్ణయిస్తుంది. నూనె వెళ్ళే సన్నని దారిని ఇంకా సన్నం చేస్తే నెమ్మదిగా లేస్తుంది. వేగం ఎక్కువైతే బండ దిగగానే సీటు మనిషిని ఎగరేస్తుంది. మరీ తక్కువైతే, వరుసగా రాళ్ళొచ్చినప్పుడు ఒకదాని నుంచి లేవకముందే ఇంకొకటి తగిలి, షాకబ్జర్ క్రమంగా కిందికి దిగిపోయి గట్టిపడుతుంది. గాలి తక్కువైందేమోనని ఇంకా కొట్టేస్తారు. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి. గాలి పెంచితే రీబౌండును నెమ్మదించాలి, తగ్గిస్తే వదలాలి. రెండూ జతగానే కదలాలి.

కిర్రుమనే శబ్దం వస్తే వెంటనే కీళ్ళ బేరింగులను అనుమానించకండి. లేచి నిలబడి తొక్కండి. శబ్దం ఆగితే దొంగ సీటు దగ్గరే ఉన్నాడు. పెడల్ ఆపి దిగుడులో వదిలినా కిర్రుమంటే అప్పుడు కీళ్ళు, షాకబ్జర్ బోల్టులు చూడాలి. సీటు పట్టుకుని కొద్దిగా పైకెత్తితే టక్కుమని తగిలిందంటే షాకబ్జర్ రెండు చివర్లలోని బుష్షులు అరిగాయి. ఇవి చవక సామాను, ఊరికే వదిలేస్తే ఖరీదైన ఫ్రేమును తింటాయి. వాటర్ సర్వీస్ దగ్గర మోటారు సైకిళ్ళతోపాటు ఈ సైకిలునూ నిలబెట్టి గట్టి పిచికారీ కొట్టించడం మహాపాపం. నీళ్ళు సీళ్ళు దాటి బేరింగుల్లోకి పోతాయి, గ్రీజు బయటికి పోతుంది. ఇక్కడి ఎర్రటి సన్న దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడవకపోతే కడ్డీ మీది పూతను ఆకురాయిలా గీస్తుంది. గాలి భాగానికీ ఫోర్కు కింది కాళ్ళకూ 50 గంటలకొకసారి చిన్న సర్వీసు కావాలని కొందరు తయారీదారులే చెబుతారు. ఇంత దుమ్ములో తొక్కేవాళ్ళు ఆ మాటను పెడచెవిన పెట్టకూడదు.

కొత్త భాగాలు కొనాలనుంటే మొదటి రూపాయి టైర్ల మీద పెట్టమంటాను. సర్కారు తుమ్మ, పల్లేరు ఉన్న దేశం మనది. ట్యూబు తీసేసి, లోపల రబ్బరుపాలు పోసే ట్యూబ్‌లెస్ పద్ధతికి మారితే ముల్లు గుచ్చుకున్న రంధ్రం దానంతటదే పూడుతుంది. గాలి 20, 25 పిఎస్‌ఐ దగ్గర ఉంచుకోవచ్చు కాబట్టి బండల మీద పట్టూ పెరుగుతుంది. ఈ ఎండకు ఆ పాలు త్వరగా ఎండిపోతాయి. రెండు మూడు నెలలకొకసారి చూసి పోసుకోవాలి.

గేర్ల దగ్గర జాగ్రత్త. వెనక పెద్ద కేసెట్ (పళ్ళ చక్రాల గుత్తి) బిగించి పాత చెయినే ఉంచేస్తారు కొందరు. వెనక షాకబ్జర్ నొక్కుడు పడ్డప్పుడు చాలా ఫ్రేముల్లో పెడల్ కడ్డీకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం పెరుగుతుంది, చెయిన్ ఇంకా పొడవు కావాలి. నిలబెట్టి చూస్తే సరిపోయిన చెయిన్ మొదటి పెద్ద గుంతలోనే గేర్లు మార్చే డీరైలర్‌ను పీకేస్తుంది. షాకబ్జర్ గాలి తీసి, పూర్తిగా నొక్కి, పెద్ద పళ్ళ మీద చెయిన్ వేసి కొలవాలి. వెనక షాకబ్జర్ మార్చేటప్పుడు కంటి నుంచి కంటికి (రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య) పొడవు, నడక రెండూ పాతదానితో కలవాలి. 2016 తర్వాత వచ్చిన మెట్రిక్ కొలతలవి పాత ఫ్రేములకు చాలావరకు పట్టవు. ఫోర్కు పొడవు పెంచాలన్న కోరిక ఇంకా ప్రమాదం. 20 మిల్లీమీటర్లు పెంచితే హ్యాండిల్ గొట్టం దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది, తల దగ్గర ఫ్రేము మీద భారం పెరుగుతుంది. కంపెనీ ఎంతవరకు ఒప్పుకుంటే అంతే.

చివరిగా ఒక మాట. ఫ్రాన్స్‌లో 1953లో ద కార్బన్ అనే ఇంజనీరు, నూనె నురగలెత్తకుండా దాని వెనక గట్టి పీడనంతో వాయువును నింపే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటి వెనక షాకబ్జర్లలో చాలావాటిలో నైట్రోజన్ ఉండేది అందుకే. పంపుతో గాలి తీసేసినా అది లోపలే ఉంటుంది. గాలి గొట్టం పైకప్పు తీసి శుభ్రం చేసుకోవడం ఇంట్లో నేర్చుకోవచ్చు, అదీ గాలి పూర్తిగా వదిలాకే. నైట్రోజన్ ఉన్న గదిని మాత్రం ఇంట్లో విప్పకండి. ఆ పనికి సరైన పరికరాలున్న సర్వీస్ సెంటరుకు పంపండి.