పెట్రోల్లో మునిగిన మోటారు

పదిహేను ఇరవై ఏళ్లు తిరిగిన పెట్రోలు కారుకి ఒక్కోసారి ఓ వింత జబ్బు చేస్తుంది. సెల్ఫ్ కొడితే ఇంజను బాగానే తిరుగుతుంది, బ్యాటరీలో బలం ఉంటుంది, బండి మాత్రం అందుకోదు. అనుభవమున్న మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తడు. తాళం 'ఆన్' చెయ్యమని చెప్పి వెనక సీటు దగ్గర చెవి పెడతాడు. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లపాటు సీటు కింద నుంచి సన్నగా 'జుయ్'మన్న మోత వినిపించాలి. అది లేకపోతే కారు కిందికి దూరి, పెట్రోలు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. చాలాసార్లు బండి అప్పుడే స్టార్టవుతుంది.

ఆ దెబ్బలకు స్పందించింది ట్యాంకు లోపలున్న కరెంటు పంపు. అందులోని మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయి కమ్యుటేటర్‌ని తాకీ తాకకుండా ఉంటాయి. అదురుకి మళ్లీ తాకుతాయి, మోటారు తిరుగుతుంది. దాంతో షెడ్డుదాకా వెళ్లగలమేమో గాని, ఆ పంపు ఆయుష్షు అయిపోయినట్టే.

కొత్త పంపు వేయించుకునేటప్పుడు చాలామంది కారు యజమానులకు వచ్చే సందేహం సరైనదే. బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు రాలే మోటారుని తీసుకెళ్లి పెట్రోల్లో ముంచడమేమిటి?

1983లో వచ్చిన మారుతి 800లో ఈ ఏర్పాటు లేదు. పంపు ఇంజనుకే బిగించి ఉండేది. క్యామ్‌షాఫ్ట్ ఒత్తినప్పుడల్లా దానిలోని రబ్బరు పొర పైకీ కిందికీ కదిలి, వెనకనున్న ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చి కార్బ్యురేటర్‌కి అందించేది. కార్బ్యురేటర్‌కి పెద్ద ఒత్తిడి అక్కర్లేదు, వాతావరణ పీడనంలో మూడో వంతు కూడా ఎక్కువే. ఇంజెక్షన్ పద్ధతి వచ్చాక లెక్క మారింది. ఇంజెక్టర్ సన్నని రంధ్రాల్లోంచి పెట్రోలుని పొగమంచులా చిమ్మాలంటే దాదాపు 3 బార్ల ఒత్తిడి కావాలి. 1967లో ఫోక్స్‌వాగన్ కార్లకు బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చినప్పుడు కరెంటు పంపుని ట్యాంకు బయటే పెట్టారు. లోపలికి చేరడం తర్వాతి ముచ్చట. మన దగ్గర 1998లో సాంట్రో, ఆ వెనకే కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో మిగతా చిన్న కార్లూ ఇంజెక్షన్‌కి మారాయి.

పంపు లోపలికి ఎందుకు వెళ్లిందో బోరుబావి ఎరిగిన రైతుకి విడమరిచి చెప్పనక్కర్లేదు. గట్టు మీది మోటారు ఏడెనిమిది మీటర్ల లోతుకి మించి నీళ్లు పీల్చలేదు. అదే మోటారుని నీళ్లలోకి దించితే వందల అడుగుల నుంచి తోసి పంపుతుంది. పీల్చడానికి హద్దుంది, తోయడానికి మోటారు బలమే హద్దు. పెట్రోలు విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. గొట్టంలో పీల్చినప్పుడు ఒత్తిడి పడిపోతుంది కాబట్టి ఇంకా ముందే మరుగుతాయి. రామగుండంలో మే నెల ఎండకి ఇంజను వేడి తోడైతే గొట్టం నిండా ఆవిరి బుడగలే. బుడగల్ని పంపు లాగలేదు, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. వెనకటికి అంబాసిడర్ డ్రైవర్లు వేసవిలో పంపు మీద తడిగుడ్డ చుట్టేది ఇందుకే. ట్యాంకులోంచి తోసుకొచ్చే పెట్రోలు ఒత్తిడి కింద ఉంటుంది, అంత సులువుగా మరగదు.

చల్లదనం సంగతి మరీ ముఖ్యం. చిన్న లెక్క వేద్దాం. పంపు 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే 48 వాట్లు. 3 బార్ల ఒత్తిడితో గంటకు 80 లీటర్లు తోడుతుందనుకుంటే, ఆ పనికి నిజంగా ఖర్చయ్యేది సుమారు 7 వాట్లే. మిగిలిన 41 వాట్లలో చాలావరకు అక్కడికక్కడే వేడిగా మారుతుంది. ఆ వేడిని మోసుకుపోయేది మోటారు చుట్ల మధ్య నుంచి పారే పెట్రోలే, బేరింగులకు నూనెలా పనికొచ్చేదీ అదే. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజను తాగేది గంటకు 4 లీటర్లు. పాత కార్లలో మిగతాదంతా ఇంజను దాకా వెళ్లి వేడెక్కి ట్యాంకుకే తిరిగొస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఆ వేడి కలిసిపోతుంది. ఎప్పుడూ రిజర్వులోనే నడిపేవారి పంపు ఆ కొద్దిపాటి వేడి పెట్రోల్లోనే పనిచేయాలి, అడుగున చేరిన మడ్డినీ పీల్చాలి. ట్యాంకులో కనీసం పావు వంతు ఉంచమని నేను అందరికీ చెప్పేది అందుకే.

మరి నిప్పు? పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం ఉన్నప్పుడే అంటుకుంటుంది. పంపు లోపల ఉన్నది ద్రవం, అక్కడ గాలే లేదు. ట్యాంకులో పెట్రోలు మీది ఖాళీలో మన వాతావరణంలో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, మండటానికి చాలినంత గాలి దొరకదు. ప్రమాదమంతా పంపు మార్చేందుకు ట్యాంకు మూత తీశాకే. బయటికొచ్చిన ఆవిరి పల్చబడుతూ సరిగ్గా ఆ హద్దుల మధ్యకి చేరుతుంది. గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకెగరదు, కారు ఫ్లోర్ మీద, సర్వీసు గుంతలో మడుగు కడుతుంది. అందుకే ఈ పని గుంత మీద కాకుండా, తలుపులన్నీ తెరిచి ఆరుబయట చేయాలి. దగ్గర్లో పొయ్యి, వెల్డింగు, వేలాడే బల్బు ఉండకూడదు. దీన్ని చాదస్తమనే షెడ్డులో బండి వదలొద్దని నా గట్టి మాట.

పంపు మార్చే ముందు అది నిజంగానే చచ్చిందో లేదో తేల్చుకోవాలి. ఫ్యూజు, రిలే చూశాక, కనెక్టర్ తగిలించి ఉండగానే దాని దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. బ్యాటరీ దగ్గర 12 వోల్టులుండి ఇక్కడ 9 వస్తుంటే లోపం వైరింగుదో, తుప్పు పట్టిన ఎర్త్‌దో. అక్కడ కొత్త పంపు వేసినా నీరసంగానే తిరుగుతుంది.

గొట్టాల్లో ఒత్తిడి నిలిచి ఉంటుంది కనుక పంపు ఫ్యూజు పీకి, ఇంజను నడిచి దానంతటదే ఆగే దాకా ఉంచాలి. తర్వాత బ్యాటరీ మైనస్ తీసెయ్యాలి. చాలా చిన్న కార్లలో వెనక సీటు ఎత్తితే రేకుమూత కనిపిస్తుంది, కొన్నింటికి ట్యాంకే దించాలి. మూత కింద పేరుకున్న దుమ్ముని ముందే శుభ్రంగా తుడవాలి, లేకపోతే అదంతా ట్యాంకులోకే. బిగుసుకున్న రింగుని ఇనుప ఉలితో కాకుండా ఇత్తడి ముక్కతో తట్టి తిప్పాలి. పంపు అమరికని నిటారుగా లాగితే ఫ్యూయల్ గేజి ఫ్లోటు కడ్డీ వంగిపోతుంది, వాల్చి తీయాలి.

బయటికొచ్చినదాన్ని వెలుతురులో పెట్టి చూడండి. అడుగునున్న వలసంచీ కొత్తలో తెల్లగా ఉంటుంది. పాతది కాఫీ రంగుకి తిరిగి, మడతల్లో మెత్తటి తుప్పుపొడి పట్టి ఉంటుంది. ఈ వలని మార్చకుండా కొత్త పంపు వేయడం డబ్బు పారెయ్యడమే. లోపలి పొట్టిగొట్టం కూడా పెట్రోల్లో మునిగి ఉండేందుకు చేసినదే కావాలి. మామూలు పెట్రోలు పైపు లోపలి వైపు నుంచే పెట్రోలుని తట్టుకుంటుంది, ముంచితే బయటి పొర ఉబ్బి చీలిపోతుంది. మూత కింది రబ్బరు రింగుదీ అదే కథ. తీసిన కాసేపటికే సాగిపోయి గాడిలో కూర్చోదు, కొత్తది వేయాలి.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. పాత కార్ల రబ్బరు ఆ పాళ్లని దృష్టిలో పెట్టుకుని ఎంచినది కాదు. ఇథనాల్ ఏళ్లనాటి మడ్డిని కదిలించి వలలోకి తెస్తుంది, తేమనీ పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ నీరు విడిపోయి అడుక్కి, అంటే పంపు నోటి దగ్గరికే చేరుతుంది. రాగి కమ్యుటేటర్ బదులు కార్బన్‌ది ఉన్న పంపు దొరికితే అదే తీసుకోవాలి.

బిగించాక తాళం మూడు నాలుగుసార్లు ఆన్ చేసి ఆపితే గొట్టాలు నిండుతాయి. ఇంజను నడుస్తుండగా కీళ్ల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూసి, వాసన లేదని నమ్మకం కలిగాకే సీటు దించాలి. ఆ తర్వాత మొదటిసారి ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు సీటు మళ్లీ ఎత్తి చూడాలి. పై రింగు సరిగా కూర్చోకపోతే, పెట్రోలు అంతెత్తుకి వచ్చినప్పుడే అది కారేది.