విమానం తట్టుకునే మలుపులో పైలట్‌కి స్పృహ ఎందుకు తప్పుతుంది?

కూర్చున్న చోటు నుంచి గభాలున లేస్తే ఒక్కోసారి కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఫైటర్ పైలట్‌కి సీట్లోంచి కదలకుండానే ఆ పరిస్థితి వస్తుంది, ఎన్నో రెట్లు తీవ్రంగా.

మహా వేగంతో పోతున్న విమానాన్ని ఒక్కసారిగా మలుపు తిప్పితే లోపలి మనిషి బరువెక్కిపోతాడు. నేల మీద మనకుండే బరువు 1 జీ. ఎఫ్-16 మలుపులో అది 9 జీ దాకా పోతుంది. 5 కిలోల తల 45 కిలోలవుతుంది, హెల్మెట్ బరువు అదనం. ఆ తలనే వెనక్కి తిప్పి శత్రువు ఎటున్నాడో చూడాలి.

రక్తమూ బరువెక్కుతుంది. అసలు చిక్కు అక్కడే. గుండె నుంచి మెదడుకు ఎత్తు దాదాపు ఒక అడుగు. ఆ అడుగు ఎక్కడానికి రక్తానికి ప్రతి జీకీ సుమారు 22 మిల్లీమీటర్ల బీపీ ఖర్చవుతుంది. బీపీ 120 ఉన్న మనిషి ఏమీ చేయకుండా కూర్చుంటే, 5 జీ దాటేసరికి మెదడుకు మిగిలేది దాదాపు సున్నా. స్పృహ తప్పినవాళ్ళ గుండె ధైర్యాన్ని శంకించడం అన్యాయం.

మరి చూపు ముందుగా ఎందుకు పోతుంది? కంటి లోపల ఎప్పుడూ కొంత ఒత్తిడి ఉంటుంది. దాన్ని కూడా తోసుకుంటేనే రక్తం రెటీనాకు చేరుతుంది. అందుకే మొదట రంగులు వెలిసిపోతాయి, ఆపైన గొట్టంలోంచి చూస్తున్నట్టు చుట్టూ చీకటి మూసుకొస్తుంది. పైలట్‌కి అది హెచ్చరిక. నన్ను భయపెట్టేది ఆ హెచ్చరిక రాకపోవడం. జీ ఒకటి రెండు సెకన్లలో ఎగబాకితే చూపు మసకబారకుండానే స్పృహ పోవచ్చు. మెదడులో నిలవున్న ఆక్సిజన్ నాలుగైదు సెకన్లకే సరి. తేరుకుని మళ్ళీ విమానం నడపడానికి అర నిమిషం దాకా పట్టొచ్చు.

ఎలా కాచుకుంటారు? కాళ్ళనీ పొట్టనీ గాలితో నొక్కే జీ-సూట్ ఇచ్చే ఆసరా ఒకటీ ఒకటిన్నర జీ. మిగతాదంతా ఒంటి కష్టమే. మలుపు మొదలవకముందే పిక్కలు, తొడలు, పొట్ట బిగించాలి. గుండెల నిండా గాలి పీల్చి, గొంతు మూసి గట్టిగా ముక్కాలి. సుమారు మూడు సెకన్లకోసారి చటుక్కున వదిలి మళ్ళీ పీల్చాలి. నిద్ర చాలకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా ఆ పట్టు సడలుతుంది. మన వాయుసేన పైలట్లు బెంగళూరులో, ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలోని సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిరుగుతూ దీన్ని సాధన చేస్తారు.

2016లో అమెరికాలోని ఆరిజోనాలో శిక్షణలో ఉన్న ఒక పైలట్‌కి 8 జీ దాటాక స్పృహ తప్పింది. ఎఫ్-16 ముక్కు నేలకు తిరిగింది. శిక్షకుడు రేడియోలో అరుస్తున్నా జవాబు లేదు. నేల దగ్గర పడుతుండగా కంప్యూటర్ విమానాన్ని తనంతట తానే పైకి లేపింది. పైలట్ బతికాడు.