మీకు తెలుసా? ఆసుపత్రి గోడ మీది సర్టిఫికెట్ ఏం చెబుతుందో!

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ... ఎటు నుంచి బయల్దేరినా పెద్ద జబ్బుకు వచ్చేది వరంగల్, హనుమకొండలకే. సర్కారు పెద్దాసుపత్రి ఎంజీఎం ఉన్నా, ప్రైవేటు నర్సింగ్ హోమ్ గడప తొక్కేవాళ్లు తక్కువేం కాదు. ఏది మంచిదంటే ఆర్‌ఎంపీ చెప్పిందో, ఫోన్‌లో ఎక్కువ స్టార్లున్నదో అనుకుంటాం. ఆ స్టార్లు వచ్చిపోయినవాళ్ల అభిప్రాయాలే. తనిఖీ చేసి ఇచ్చే గుర్తింపులు వేరే ఉన్నాయి.

● ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే ఎన్‌ఏబీహెచ్ అనే సంస్థ 2005లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఏర్పడింది. ఇన్ఫెక్షన్లు సోకకుండా ఏం చేస్తున్నారు, మందులు పొరపాటు లేకుండా ఇస్తున్నారా, రోగి హక్కులు కాపాడుతున్నారా అని చూస్తుంది. 50 పడకల లోపు ఆసుపత్రులకు విడిగా ప్రమాణాలున్నాయి. కాబట్టి 'మాది చిన్న ఆసుపత్రి, మాకు కుదరదు' అంటే ఒప్పుకోనక్కర్లేదు.

● ఎన్‌ఏబీహెచ్ గుర్తింపులో మెట్లున్నాయి. 'ఎంట్రీ లెవెల్' కింది మెట్టు, పూర్తి అక్రెడిటేషన్ పై మెట్టు. రిసెప్షన్ దగ్గర ఫ్రేము కట్టి పెట్టిన సర్టిఫికెట్ కనిపిస్తే దగ్గరికెళ్లి మూడు సంగతులు చదవండి: ఏ మెట్టు, ఏ తేదీ వరకు, ఏ చిరునామాకు. హైదరాబాద్ బ్రాంచికి వచ్చిన గుర్తింపు హనుమకొండ బ్రాంచికి చెల్లదు. అనుమానముంటే ఎన్‌ఏబీహెచ్ వెబ్‌సైట్‌లో ఆసుపత్రి పేరు వెతకండి.

● సర్కారు దవాఖానాల లేబర్ రూములకూ, కాన్పుల ఆపరేషన్ థియేటర్లకూ మార్కులున్నాయి. 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమంలో 70 శాతం దాటితే సిల్వర్, 80 దాటితే గోల్డ్, 90 దాటితే ప్లాటినం. వరంగల్ సీకేఎం ఆసుపత్రికో, హనుమకొండ ప్రసూతి దవాఖానాకో కాన్పుకు వెళ్లేవాళ్లు 'ఇక్కడ లక్ష్య స్కోరు ఎంత?' అని అడగొచ్చు.

● గోడ మీది ప్రతి కాగితమూ నాణ్యతను చెప్పదు. రిజిస్ట్రేషన్ అంటే ఆసుపత్రి నడిపేందుకు అనుమతి. ఆరోగ్యశ్రీ బోర్డు ఉందంటే ఆ పథకం కింద చికిత్స దొరుకుతుందని. ఈ రెండూ నాణ్యతకు వేసిన మార్కులు కావు. ఇక చికిత్స ధరల పట్టికను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ కనిపించేలా పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనలు చెబుతున్నాయి.

● మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అయితే వృద్ధులు ఉండి సేవలు పొందే చోటు. అక్కడి ప్రభుత్వం 2008 డిసెంబరు నుంచి వాటికి ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తోంది. తనిఖీలు, సిబ్బంది, సేవల నాణ్యత అనే మూడింటికీ విడివిడిగా స్టార్లుంటాయి. అక్కడి మనవాళ్లు అమ్మానాన్నల కోసం వెతికేటప్పుడు మొత్తం స్టార్లతో ఆగకుండా సిబ్బంది స్టార్లు కూడా చూడాలి. మన వృద్ధాశ్రమాలకు ఇలాంటి ప్రభుత్వ స్టార్లు లేవు. వాటి సమాచారానికి 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

ఏ ముద్రా అన్నీ చెప్పదు. రాత్రి డ్యూటీ డాక్టర్ ఉంటారా, ఐసీయూలో ఒక్కో నర్సు ఎంతమందిని చూస్తారు, మనకు కావాల్సిన ఆపరేషన్ అక్కడ తరచూ చేస్తారా అన్నవి మనమే అడగాలి. గుండె పట్టేసినప్పుడు సర్టిఫికెట్లు చదివే తీరిక ఉండదు, 108 పిలిచి దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అందుకే ఇంట్లో అందరూ బాగున్నప్పుడే రెండు మంచి ఆసుపత్రులు చూసి పెట్టుకోండి. వాటి నంబర్లు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి.